సంచిలోని నత్రజని, కుప్పలోని నత్రజని: పంటకు ఏది, ఎప్పుడు, ఎంత

యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. బాగా చివికిన పశువుల ఎరువును తేమతో కలిపి తూస్తే అందులో ఉండేది దాదాపు అర శాతం. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి, వంద కిలోల యూరియాకు బదులు తొమ్మిది టన్నులకు కాస్త పైన పశువుల ఎరువు తోలితే సరిపోతుందని లెక్క కట్టేవారు చాలామంది ఉన్నారు. గుణకారంలో పొరపాటేమీ లేదు, కానీ ఆ లెక్కను నమ్మి తోలిన చేలో పైరు ఏపుగా ఎదగవలసిన సమయానికే పాలిపోవడం మొదలుపెడుతుంది. ఆ ఎరువులో ఉన్న 46 కిలోల నత్రజనిలో మొదటి పంటకు అందేది సాధారణంగా తొమ్మిది, పది కిలోలే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నేలలోనే ఉంటుంది కానీ, వేరు పీల్చుకునే రూపంలో ఉండదు. అందువల్ల ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవాలన్నా, రెండింటినీ కలిపి వాడాలన్నా, శాతాన్ని చూసే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి: ఆ నత్రజని పంటకు ఎప్పటికి అందుతుంది, అందేలోగా ఎంత పోతుంది.

వేరు దగ్గరకు వచ్చేసరికి

మొక్క నత్రజనిని ప్రధానంగా నైట్రేట్‌గా గానీ అమ్మోనియంగా గానీ తీసుకుంటుంది. అది పేడలోంచి వచ్చిందా, కర్మాగారంలోంచి వచ్చిందా అన్న తేడా వేరుకు పట్టదు. యూరియాను మనుషులు మొదట గుర్తించింది మూత్రంలోనే. 1828లో ఫ్రెడరిక్ వోలర్ దాన్ని ప్రయోగశాలలో తయారు చేశాడు. గాలిలోని నత్రజని నుంచి అమ్మోనియా తయారు చేసే పద్ధతిని ఫ్రిట్జ్ హేబర్ 1909లో చేసి చూపగా, కార్ల్ బాష్ దాన్ని పరిశ్రమ స్థాయికి తెచ్చాడు. 1913లో జర్మనీలోని ఓపౌలో మొదటి కర్మాగారం పని మొదలుపెట్టింది. అలాంటి కర్మాగారాల అమ్మోనియాతో తయారైన యూరియాకూ, పశువుల కొట్టంలో కాలువ కట్టే మూత్రంలోని యూరియాకూ రసాయనపరంగా తేడా లేదు. గాలికి పోయే తీరులో కూడా తేడా లేదు. కొట్టంలో ఉదయాన్నే కళ్లు మండించే ఘాటు, పొలంలో పైపైన చల్లిన యూరియా నుంచి కంటికి కనబడకుండా పోయే నష్టం, రెండూ ఒకే అమ్మోనియా.

కాబట్టి ఏది సహజం, ఏది కృత్రిమం అన్న చర్చ నత్రజని విషయంలో పెద్దగా ఉపయోగపడదు. నిజమైన తేడా ఆ నత్రజని ఏ రూపంలో పొలానికి చేరుతుందో అక్కడ ఉంది. రసాయన ఎరువుల్లో అది వెంటనే, లేదా కొన్ని రోజుల్లోనే అందే రూపంలో ఉంటుంది. అమ్మోనియం సల్ఫేట్‌లోని 21 శాతం అప్పటికే అమ్మోనియంగా ఉంటుంది. అమ్మోనియం నైట్రేట్‌లోని 34 శాతంలో సగం అమ్మోనియంగా, సగం నైట్రేట్‌గా ఉంటుంది. యూరియా మాత్రం నేలలోని యూరియేజ్ అనే ఎంజైము వల్ల విడిపోయి అమ్మోనియంగా మారాలి. వెచ్చని, తేమ ఉన్న నేలలో అందుకు రెండు రోజుల నుంచి వారం వరకు పడుతుంది.

ఒక కుప్పలో మూడు రకాలు

పశువుల ఎరువును ఒకే వస్తువుగా చూడడం వల్లనే లెక్కలు తప్పుతాయి. అందులోని నత్రజని మూడు వాటాలుగా ఉంటుంది. మొదటిది మూత్రం నుంచి వచ్చిన వాటా. ఇది ఇంచుమించు యూరియా లాగే చురుకుగా పనిచేస్తుంది, యూరియా లాగే త్వరగా పోతుంది. రెండవది తేలికగా కుళ్లే సేంద్రియ పదార్థంలో ఉండి, కొన్ని వారాల నుంచి ఒక పంటకాలం లోపు సూక్ష్మజీవులు విడగొట్టి ఇచ్చేది. మూడవది పశువు కడుపులో కూడా అరగకుండా బయటికి వచ్చిన గట్టి పదార్థంలో చిక్కుకుని, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా వదిలేది.

ఆవులు, గేదెలు విసర్జించే నత్రజనిలో దాదాపు సగం, మేతలో మాంసకృత్తులు ఎక్కువైతే అంతకంటే ఎక్కువ, మూత్రంలో పోతుంది. కొట్టంలో గడ్డి పరుపు లేకుండా, మూత్రం కాలువలో కొట్టుకుపోయేలా వదిలేసి, పేడను మాత్రం జాగ్రత్తగా ఎత్తి కుప్ప వేసేవారు త్వరగా అందే వాటాను అక్కడే పోగొట్టుకుని, నెమ్మదిగా అందే వాటాను మాత్రం పొలానికి తోలుతున్నారన్నమాట. తరువాత ఆ కుప్ప నెలల తరబడి ఎండకు ఎండి, వానకు తడిస్తే మిగిలినదానిలో కూడా తేలికగా కరిగేదంతా పోతుంది. అర శాతం అన్న అంకె వెనుక పశువు తప్పు ఏమీ లేదు, సగం కథ నిల్వలోనే నడిచిపోయింది. రాత్రివేళ గొర్రెల మందను పొలంలోనే ఆపితే, ఏరి తెచ్చిన పెంటికల కంటే ఎక్కువ ఫలితం కనిపించడానికి కారణం కూడా ఇదే: మూత్రం నేరుగా మట్టిలోకి ఇంకుతుంది.

కోళ్ల ఎరువు తీరు వేరు. కోడికి మూత్రం విడిగా రాదు. నత్రజని యూరిక్ ఆమ్లంగా, రెట్టలో తెల్లగా కనిపించే పూతగా బయటికి వస్తుంది. ఇది నేలలో త్వరగా విడిపోతుంది కాబట్టి కోళ్ల ఎరువు వేగంలో యూరియాకు దగ్గరగా, బరువులో పశువుల ఎరువుకు దగ్గరగా నిలుస్తుంది. పొట్టు పరుపుతో కలిసిన కోళ్ల ఎరువులో నత్రజని సుమారు 3 శాతం ఉంటుంది. తేమను బట్టి, పరుపును బట్టి ఇది బాగా మారుతుంది.

ఎంత త్వరగా అందుతుందో ముందుగా ఊహించడానికి అన్నిటికంటే పనికొచ్చే అంకె కర్బన–నత్రజని నిష్పత్తి, అంటే ఒక పాలు నత్రజనికి ఎన్ని పాళ్ల కర్బనం ఉందన్నది. నేలలోని సూక్ష్మజీవులు కర్బనాన్ని తిని బతుకుతాయి, కానీ శరీరం కట్టుకోవడానికి వాటికి నత్రజని కూడా కావాలి. నిష్పత్తి 20 కంటే తక్కువగా ఉంటే వాటి అవసరం తీరి, మిగిలిన నత్రజని పైరుకు వస్తుంది. 30 దాటితే అవి నేలలో అప్పటికే ఉన్న నత్రజనిని కూడా లాగేసుకుంటాయి. కోళ్ల ఎరువులో ఈ నిష్పత్తి సాధారణంగా 10 చుట్టుపక్కల ఉంటుంది. గడ్డి ఎక్కువగా కలిసిన పశువుల పెంట 25, 30 దాకా పోతుంది. ఉత్త వరిగడ్డి 60 దాటుతుంది. పచ్చి పెంట, సగం కుళ్లిన గడ్డి కలిపి దున్నిన వెంటనే విత్తనం వేసినప్పుడు తొలి నెల పైరు పసుపు పచ్చగా మారడాన్ని చాలామంది తెగులు అనుకుని మందు కొడతారు. అక్కడ జరిగింది పైరుకూ సూక్ష్మజీవులకూ మధ్య నత్రజని కోసం పోటీ. ఆ పోటీలో తొలి వారాల్లో గెలిచేది ఎప్పుడూ సూక్ష్మజీవులే.

ఈ విడుదల అంతా సూక్ష్మజీవుల పని కాబట్టి వేడి, తేమ దాన్ని నడిపిస్తాయి. నేల ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి పని దాదాపు రెట్టింపవుతుంది. చల్లని కాలంలో విత్తిన పంటకు కుప్పలోని నత్రజని ఆలస్యంగా అందడానికి ఇదే కారణం. పంట కోసేసిన తరువాత, నేల ఖాళీగా ఉన్నప్పుడు వాన పడి వెచ్చగా ఉంటే విడుదల ఆగకపోవడానికీ ఇదే కారణం. ఈ రెండవ సంగతిని పశువుల ఎరువును పొగిడేవారు ఎక్కువగా చెప్పరు.

పోయేది ఎలా పోతుంది

అమ్మోనియా నష్టం మాటల్లో చెబితే నమ్మకం కుదరదు కాబట్టి ఒక చిన్న పరీక్ష చెబుతాను. రెండు గాజు సీసాల్లో సగం వరకు తడి మట్టి నింపండి. ఒకదానిలో చెంచాడు యూరియా పైన చల్లండి. రెండవదానిలో అంతే యూరియాను రెండు మూడు అంగుళాల లోతున మట్టిలో పూడ్చండి. మూతలు బిగించి వెచ్చని చోట మూడు నాలుగు రోజులు ఉంచి, ముఖం కాస్త దూరంగా పెట్టి మూత తీయండి. మొదటి సీసా ఘాటు ముక్కుకు తగులుతుంది. రెండవదానిలో సాధారణంగా మట్టి వాసనే వస్తుంది. యూరియా విడిపోయేటప్పుడు గుళిక చుట్టూ ఉన్న మట్టి క్షారంగా మారి, అమ్మోనియం అమ్మోనియా వాయువుగా లేస్తుంది. పైన మట్టి కప్పు ఉంటే బంకమట్టి రేణువులు, సేంద్రియ పదార్థం ఆ అమ్మోనియాను పట్టి ఉంచుతాయి. పొలంలో అదే పనిని చల్లిన వెంటనే గుంటక తోలడం గానీ, ఒకటి రెండు సెంటీమీటర్ల వాన గానీ, నీటి తడి గానీ చేస్తుంది. మంచు మాత్రమే పడి, ఆరి, మళ్లీ పడే పరిస్థితి అన్నిటికంటే చెడ్డది. యూరియా కరగడానికి సరిపడా తేమ ఉంటుంది, లోపలికి దించడానికి సరిపడా నీరు ఉండదు.

పెంటకు కూడా ఇదే వర్తిస్తుంది, ఇంకా ఎక్కువగా. ఒకసారి గాలి బాగా వీస్తున్న ఎండ పూట పచ్చి కోళ్ల ఎరువు చేనంతా చల్లించి, దున్నడానికి మనిషి రాక మర్నాడు మధ్యాహ్నం దాకా అలాగే వదిలేశాను. చేను గట్టు మీద నిలబడితే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఏడాది ఆ చెక్కలో పైరు ఎరువు వేయని పక్క చెక్క కంటే పెద్దగా మెరుగ్గా కనబడలేదు. పైన చల్లి వదిలేసిన పచ్చి ఎరువులోని అమ్మోనియం వాటాలో సగం దాకా తొలి 24 గంటల్లోనే పోవచ్చు. అందులోనూ మొదటి కొన్ని గంటలే కీలకం. అందువల్ల ఎరువు చల్లే రోజు, దున్నే రోజు వేర్వేరు అయ్యే పరిస్థితి ఉంటే, పచ్చి కోళ్ల ఎరువు కంటే బాగా మాగిన ఎరువును ఎంచుకోవడమే తెలివైన పని. మాగినదాంట్లో గాలికి పోయే వాటా అప్పటికే తక్కువ. అయితే అది మాగబెట్టేటప్పుడే కొంత పోయిందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. తిరగేసి చేసే కంపోస్టులో మూడో వంతు నత్రజని పోవడం అరుదేమీ కాదు.

ఇక నైట్రేట్ నీటితో కిందికి పోతుంది. అది మట్టి రేణువులకు అంటుకోదు, నీరు ఎటు పోతే అటు పోతుంది. ఇసుక నేలలో ఒకేసారి వేసిన యూరియా మోతాదు నైట్రేట్‌గా మారాక ఒక్క భారీ వానకు వేళ్ల కిందికి దిగిపోవచ్చు. నీరు నిలిచిన నేలలో మరో దారి ఉంది. గాలి అందని చోట సూక్ష్మజీవులు నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను వాడుకుని, నత్రజనిని వాయువుగా వదిలేస్తాయి. అందులో కొంత భాగం నైట్రస్ ఆక్సైడ్. భూమిని వేడెక్కించడంలో దాని శక్తి బరువుకు బరువుగా కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 270 రెట్లు. ఈ నష్టం పెంట వేసిన పొలంలోనూ ఉంటుంది, యూరియా వేసిన పొలంలోనూ ఉంటుంది. రెండవదానిలో వేసే సమయాన్ని మనం మార్చుకోగలం, మొదటిదానిలో విడుదల సమయం మన చేతిలో ఉండదు. తేడా అంతే.

ఒక చేను లెక్క

హెక్టారుకు, అంటే సుమారు రెండున్నర ఎకరాలకు, 6 టన్నుల గింజ ఆశించే మొక్కజొన్న చేను తీసుకుందాం. నేల ఇచ్చేది పోగా బయటి నుంచి 150 కిలోల నత్రజని కావాలనుకుందాం.

అంతా యూరియాతోనే అయితే 326 కిలోలు కావాలి. మూడు విడతలుగా వేయవచ్చు, ఒక మనిషి ఒక రోజులో చల్లేస్తాడు. అంతా పశువుల ఎరువుతోనే అయితే, అర శాతం నత్రజని ఉన్న టన్ను ఎరువులో 5 కిలోలు, అందులో మొదటి ఏడాది అందేది 20 శాతం అనుకుంటే ఒక్క కిలో. అంటే 150 టన్నులు తోలాలి. ఇది చేసే పని కాదు, చేసినా తరువాతి ఏళ్లలో నేల వదిలే నత్రజనిని ఏ పంటా తీసుకోలేదు. అంతా కోళ్ల ఎరువుతోనే అయితే టన్నులో 30 కిలోలు, అందులో సగం మొదటి పంటకు అందితే 15 కిలోలు, అంటే 10 టన్నులు. ఇది వీలయ్యే పనిలాగే కనిపిస్తుంది. ఇక్కడే అసలు చిక్కు దాగి ఉంది.

కోళ్ల ఎరువులో భాస్వరం నత్రజనికి దాదాపు సమానంగా ఉంటుంది. ఎరువుల సంచి మీద రాసే లెక్కలో, అంటే భాస్వరపు ఆక్సైడ్ రూపంలో, సుమారు రెండున్నర శాతం అనుకుంటే 10 టన్నుల్లో 250 కిలోలు చేనులోకి వెళతాయి. 6 టన్నుల మొక్కజొన్న గింజలతో పాటు బయటికి పోయేది 40 కిలోలకు అటూ ఇటూ. మిగిలిన 200 కిలోల పైచిలుకు నేలలో పేరుకుంటుంది. ఒక ఏడాదికి ఇబ్బంది లేదు. పదేళ్లు ఇలాగే చేస్తే జింకు లోపం కనిపించడం, వాననీటితో భాస్వరం చెరువుల్లోకి చేరి నాచు పెరగడం మొదలవుతాయి. నత్రజని అవసరాన్ని బట్టి పెంట మోతాదు నిర్ణయించడమే ఈ విషయంలో నాకు కనిపించిన అతి సాధారణమైన తప్పు. పెంట మోతాదును భాస్వరాన్ని బట్టి నిర్ణయించి, తక్కువ పడిన నత్రజనిని సంచి నుంచి తీసుకోవాలి.

అదే చేనుకు ఈ పద్ధతిలో లెక్క వేస్తే, 2 టన్నుల కోళ్ల ఎరువులో భాస్వరం 50 కిలోలు, పంట తీసుకుపోయేదానికి కాస్త ఎక్కువ. దానితో పాటు మొదటి పంటకు అందే నత్రజని 30 కిలోలు. మిగిలిన 120 కిలోలకు 261 కిలోల యూరియా చాలు. కోళ్ల ఎరువుకు బదులు 10 టన్నుల పశువుల ఎరువు ఉంటే నత్రజని ఈ ఏడాది 10 కిలోలే వస్తుంది, యూరియా 304 కిలోలు కావాలి. అయితే దాదాపు 50 కిలోల పొటాష్ కూడా వస్తుంది. ఇదే 10 టన్నులను ఏటా వేస్తూ పోతే, మొదటి ఏడాది 20 శాతం, రెండవ ఏడాది 10 శాతం, తరువాతి రెండేళ్లు 5 శాతం చొప్పున అందుతుందన్న అంచనాతో, నాలుగో ఏడాదికి వెనకటి ఎరువుల వాటా కలిసి అందేది 20 కిలోలకు చేరుతుంది. పాతర వేసిన ధాన్యం లాంటిది ఇది, తీయడానికి సమయం పడుతుంది. మొదటి ఏడాది ఫలితం చూసి పశువుల ఎరువు వల్ల ప్రయోజనం లేదని తీర్పు చెప్పేవారు ఈ మెట్లు లెక్కలోకి తీసుకోలేదన్నమాట.

పైన వాడిన శాతాలు సగటు అంకెలు మాత్రమే. మీ కుప్పలో ఎంత ఉందో తెలియాలంటే పరీక్ష చేయించాలి. కుప్ప పైపొర నుంచి తీసిన గుప్పెడు పనికిరాదు. పది, పదిహేను చోట్ల అర మీటరు లోతు దాకా తవ్వి తీసి, గోనె మీద బాగా కలిపి, అందులోంచి అర కిలో గాలి చొరని సంచిలో కట్టి, వేడి తగలకుండా పంపాలి. మొత్తం నత్రజనితో పాటు అమ్మోనియం నత్రజని, తేమ కూడా అడగాలి. ఫలితం ఎండు బరువు మీద ఇచ్చారా, తడి బరువు మీద ఇచ్చారా అని తప్పక చూడాలి. ఎండు బరువు మీద 2 శాతం అని రాసిన ఎరువులో 60 శాతం తేమ ఉంటే, బండి మీద వచ్చే ప్రతి టన్నులో నత్రజని 20 కిలోలు కాదు, 8 కిలోలే.

ఖరీదు పోల్చేటప్పుడు కూడా ఇదే తీరు పాటించాలి. ఎరువు ధర, ఎత్తుకూలి, తోలుడు, చల్లకం అన్నీ కలిపి, దాన్ని ఈ ఏడాది అందే నత్రజని కిలోలతో భాగించండి. దూరం పెరిగే కొద్దీ పశువుల ఎరువు వేగంగా ఓడిపోతుంది, ఎందుకంటే బండి మోసేది ఎక్కువగా నీటినే. అయితే ఆ ఖర్చంతా నత్రజని ఖాతాలోనే రాయడం న్యాయం కాదు. భాస్వరం, పొటాష్‌ల విలువ తీసివేసిన తరువాతే పోల్చాలి.

నత్రజని కాని సంగతులు

ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో, బ్రాడ్‌బాక్ అనే చేనులో, జాన్ లాస్, హెన్రీ గిల్బర్ట్ 1843లో మొదలుపెట్టిన గోధుమ ప్రయోగం నేటికీ నడుస్తోంది. ఒక మడికి ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు, పక్క మడులకు రసాయన ఎరువులు వేస్తూ వచ్చారు. సరైన మోతాదులో నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ అందిన మడులు చాలా కాలం పాటు పశువుల ఎరువు మడితో దాదాపు సమానంగా పండాయి. రసాయన ఎరువు వేస్తే నేల చచ్చిపోతుందన్న మాటకు ఆ చేను సాక్ష్యం చెప్పదు. అదే సమయంలో పశువుల ఎరువు మడిలో సేంద్రియ కర్బనం రెండింతలకు పైగా పెరిగింది, రసాయన ఎరువు మడుల్లో అలా పెరగలేదు. ఆ ఎరువు మడి నుంచి నీటితో పోయే నైట్రేట్ కూడా తక్కువేమీ కాదు. పొగడ్తకూ తిట్టుకూ రెండింటికీ ఆ చేనులో ఆధారాలు దొరుకుతాయి.

సేంద్రియ పదార్థం పెరిగితే ఇసుక నేల నీటిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, బంకనేల పైపొర గట్టిపడకుండా గుల్లగా ఉంటుంది, వేసిన అమ్మోనియం కూడా కిందికి జారకుండా నిలుస్తుంది. అంటే పెంట వేసిన నేలలో యూరియా కూడా మెరుగ్గా పనిచేస్తుంది. మరో వైపు, అమ్మోనియం ఎరువులు నేలను క్రమంగా ఆమ్లంగా మారుస్తాయి. అమ్మోనియం సల్ఫేట్ ద్వారా వేసిన ప్రతి కిలో నత్రజని కలిగించే ఆమ్లతను పోగొట్టడానికి అయిదు కిలోలకు పైగా సున్నపురాయి పొడి కావాలి. యూరియాకైతే రెండు కిలోల లోపే సరిపోతుంది. నేల అప్పటికే ఆమ్లంగా ఉంటే ఈ తేడా ఎంపికను మార్చేంత పెద్దది. క్షార నేలలో, గంధకం లోపం కూడా ఉంటే, అదే అమ్మోనియం సల్ఫేట్ యూరియా కంటే మంచి ఎంపిక అవుతుంది.

పెంటతో వచ్చే చిక్కులు కూడా కొన్ని చెప్పుకోవాలి. కలుపు విత్తనాలు, రోగకారక క్రిములు వేడెక్కని కుప్పలో బతికే ఉంటాయి. పచ్చిగా తినే కూరగాయల చేనులో పచ్చి పెంట వేయకూడదు. అమెరికా సేంద్రియ ప్రమాణాల ప్రకారం, తినే భాగం మట్టికి తగిలే పంటలో పచ్చి పెంట వేసిన తరువాత కోతకు కనీసం 120 రోజుల గడువు ఉండాలి. తగలని పంటల్లో 90 రోజులు. పందుల, కోళ్ల దాణాలో కలిపే రాగి, జింకు లవణాలు ఎరువులో తేలతాయి.

అన్నిటికంటే తక్కువమందికి తెలిసినది కలుపుమందు అవశేషం. అమినోపైరలిడ్ వంటి మందు కొట్టిన గడ్డి మేసిన పశువు పేడలో ఆ మందు చెడకుండా బయటికి వచ్చి, టమాటా, చిక్కుడు జాతి పంటల ఆకులను గిన్నెలా ముడుచుకుపోయేలా చేస్తుంది. ఎక్కడి నుంచో కొన్న ఎరువును చేనంతా చల్లే ముందు, కొంత మట్టిలో కలిపి రెండు మూడు కుండీల్లో చిక్కుడు గింజలు, ఎరువు లేని మట్టితో మరో కుండీలో అవే గింజలు వేసి, మూడు నాలుగు వారాలు చూడడం మంచిది. ఎరువు కుండీల్లో మాత్రమే కొత్త ఆకు ముడుచుకుని వస్తే ఆ ఎరువును గడ్డి చేలకు తప్ప వాడకూడదు.

ఎవరికి ఏది

తక్కువ రోజుల్లో కోతకు వచ్చే ఆకుకూరల వంటి పంటలకు పశువుల ఎరువులోని నత్రజని అందే సమయానికి పంట కోసేస్తారు. అక్కడ రసాయన నత్రజని చిన్న విడతలుగా, లేదా ముందుగానే బాగా మాగబెట్టిన కోళ్ల ఎరువు దుక్కిలో వేయడం తగినది. గింజ పంటలు తీసుకునే నత్రజనిలో ఎక్కువ భాగం విత్తిన మూడో, నాలుగో వారం నుంచి పూత దశ దాకా ఉన్న కాలంలోనే తీసుకుంటాయి. ఆ వేగాన్ని పెంట ఒంటరిగా అందుకోలేదు. దుక్కిలో పెంట, పైపాటుగా యూరియా అన్నది ఇక్కడ నా మొదటి ఎంపిక.

ఇసుక నేలకు రెండూ కావాలి, యూరియాను మరీ చిన్న విడతలుగా. నీరు నిలిపే వరి మడిలో నైట్రేట్ రూపపు ఎరువు వేయడం డబ్బు నీటిలో పోయడమే. యూరియాను కూడా నిలిచిన నీటిలో చల్లకూడదు, ఎందుకంటే పగటి పూట నీటిలోని నాచు వల్ల ఆ నీరు క్షారంగా మారి అమ్మోనియా లేస్తుంది. నీరు తీసి, బురద పదునులో చల్లి, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ నీరు పెట్టాలి. అదే మడిలో పచ్చి పెంట వేస్తే నత్రజని బిగుసుకుపోవడమే కాక మీథేన్ కూడా పెరుగుతుంది. నాటుకు కొన్ని వారాల ముందే మాగిన ఎరువు వేయాలి. పండ్ల తోటలకు, ఏళ్ల తరబడి నిలిచే పంటలకు నెమ్మదిగా అందడం లోపం కాదు, మేలు. అక్కడ పశువుల ఎరువుకే పెద్ద వాటా ఇవ్వవచ్చు. చిక్కుడు, పప్పుధాన్యాల చేనులో రెండింటినీ తక్కువగా వాడడమే సరి. నత్రజని ఎక్కువైతే, గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు ఇచ్చే వేళ్ల బుడిపెలు పని తగ్గించేస్తాయి.

నేల ఎవరిది అన్నది కూడా ఎంపికలో భాగమే. ఒక్క ఏడాదికి కౌలుకు తీసుకున్న చేనుకు పశువుల ఎరువు తోలేవాడు వచ్చే ఏడాది కౌలుదారుకు పెట్టుబడి పెడుతున్నాడు. కౌలు గడువు నాలుగైదేళ్లు ఉంటేనే ఆ లెక్క కుదురుతుంది. పశువుల సంఖ్య ఎక్కువై భూమి తక్కువైనవారి సమస్య దీనికి తిరగబడింది. వారు పెంటను వదిలించుకోవడానికి పొలాన్ని వాడతారు. యూరోపియన్ సమాఖ్య 1991 నాటి నైట్రేట్ ఆదేశం కింద, కాలుష్యానికి లోనయ్యే ప్రాంతాల్లో పశువుల ఎరువు ద్వారా వేసే నత్రజనిని హెక్టారుకు ఏడాదికి 170 కిలోలకు పరిమితం చేసింది ఇలాంటి చోట్ల కోసమే.

రెండూ కలిపి వాడాలని తేల్చుకున్నవారు ఆ రెండింటినీ ఒకే రోజు, ఒకే కుప్పగా కలపకూడదు. పెంటలో యూరియేజ్ పుష్కలంగా ఉంటుంది. దానితో కలిపి చల్లిన యూరియా మామూలు కంటే వేగంగా విడిపోయి గాలికి పోతుంది. పెంటను దుక్కిలో కలిపి, విత్తిన తరువాత పైరు అడిగే వేళకు యూరియాను మట్టి కప్పి వేయాలి. విత్తనం పక్కనే యూరియా గానీ, పచ్చి కోళ్ల ఎరువు గానీ వేస్తే మొలక మాడిపోతుంది. నాలుగైదు సెంటీమీటర్ల ఎడం ఉండాలి.

మోతాదు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి చేనులోనే ఒక సాక్షి ఉండాలి. పెంట వేసిన చేనులో ఒక చివర నాలుగు సాళ్లకు యూరియా అసలు వేయకండి, మరో చోట నాలుగు సాళ్లకు పూర్తి మోతాదుకు పైన ఇంకొంచెం వేయండి. పూతకు రెండు వారాల ముందు ఉదయం పూట ఎండను వీపు వైపు పెట్టుకుని మూడింటి ఆకు రంగు పోల్చండి. ఎక్కువ వేసిన సాళ్లకూ చేను మధ్య భాగానికీ తేడా కనబడకపోతే మీరు వేసింది చాలింది. యూరియా వేయని సాళ్లు కూడా అదే పచ్చదనంతో ఉంటే, పాత ఎరువుల వాటా మీరు అనుకున్నదాని కంటే ఎక్కువగా అందుతోందని అర్థం. వచ్చే పంటకు పైపాటు యూరియాలో ఒక విడతను తగ్గించి, ఆ సాళ్లను మళ్లీ అదే చోట ఉంచి చూడండి.